ఇన్సులిన్‌ను మాత్రగా చేస్తానంటున్న అమ్మాయి: ఫార్మాస్యూటిక్స్‌లో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో బీఫార్మసీ మూడో సంవత్సరం చదువుతోంది. వాళ్ల నానమ్మ రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవడం చూసి, దాన్ని మాత్రగా తెచ్చే పరిశోధన చేస్తానంటోంది. అందుకు ఎంఫార్మసీలో ఫార్మాస్యూటిక్స్ (మందును మాత్రగానో సూదిగానో మలిచే శాస్త్రం) తీసుకుంటుందట. మాత్రల తయారీలో కొత్తగా చేసేదేముంది, అమీర్‌పేటలో క్లినికల్ సాస్ (మందుల పరీక్షల డేటాను విశ్లేషించే సాఫ్ట్‌వేర్) కోర్సు చేయించి ఉద్యోగంలో పెట్టండి అని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, జనగామ

జవాబు: మీ బంధువుల మాటతోనే మొదలుపెడతానండీ. మాత్రల తయారీలో చేయాల్సింది చాలా మిగిలే ఉంది. మీ అమ్మాయి పట్టుకున్న సమస్య అయితే వందేళ్లుగా తెగనిది. 1922లో టొరంటోలో ఒక కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చినప్పుడూ సూదే, ఇవాళ మీ అమ్మగారికీ సూదే.

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల ప్రోటీన్. మింగితే కడుపు దాన్ని మందుగా చూడదు, పప్పులోని ప్రోటీన్‌ను అరిగించుకున్నట్టే ముక్కలు చేసేస్తుంది. ఆమ్లాన్ని తట్టుకునే పూత వేసి చిన్నపేగు దాకా పంపినా అక్కడ వేరే ఎంజైములు ఉంటాయి. వాటినీ తప్పించుకున్నా అంత పెద్ద అణువు పేగు గోడ దాటడం కష్టం. ఏ కొంచెమో దాటిందనుకోండి, ఆ కొంచెం కూడా రోజూ ఒకేలా ఉండదు, తిన్న తిండిని బట్టి మారిపోతుంది. జ్వరం మాత్రలో కాస్త తేడా వచ్చినా నెట్టుకురావచ్చు. ఇన్సులిన్ ఎక్కువైతే షుగర్ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

ప్రయత్నాలు జరగలేదని కాదు. బెంగళూరులోని బయోకాన్ తయారుచేసిన నోటి ఇన్సులిన్ మూడో దశ పరీక్షలో అనుకున్న లక్ష్యం చేరలేదని 2011లో తేలింది. డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ వాళ్ల ఇన్సులిన్ మాత్ర రోగుల్లో ఇంజెక్షన్‌తో సమానంగా పనిచేసింది కూడా. కానీ ఒక్కో మాత్రలో పెట్టాల్సిన ఇన్సులిన్ మరీ ఎక్కువై, గిట్టుబాటు కాదని ఆపేశారు.

అదే కంపెనీ సెమాగ్లుటైడ్ అనే మరో షుగర్ మందును మాత్రగా తేగలిగింది. 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. స్నాక్ అనే పదార్థం కలిపి, మందు కడుపు గోడ నుంచే లోపలికి వెళ్లేలా చేశారు. అయినా మింగినదాంట్లో ఒక శాతం మాత్రమే, చాలాసార్లు అంతకన్నా తక్కువే రక్తంలో చేరుతుంది. పరగడుపున, 120 మి.లీ. మించని నీళ్లతో వేసుకుని, అరగంట ఏమీ తినకుండా ఉండాలి. అంత వృథా అయినా మాత్ర నిలబడిందంటే, ఆ మందు ఒంట్లో రోజుల తరబడి ఉండడమే ప్రధాన కారణం. ఒకరోజు తక్కువ చేరినా సర్దుకుంటుంది. మామూలు ఇన్సులిన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఈ తేడా మీ అమ్మాయితో ఒకసారి మాట్లాడండి, చాలా సంతోషిస్తుంది.

చిన్న అణువులతోనూ తిప్పలే. హెచ్ఐవీ మందు రిటోనావిర్ 1996లో మార్కెట్లోకి వచ్చింది. రెండేళ్లకు అదే మందు సరిగా కరగని కొత్త రకం స్ఫటికంగా మారడం మొదలై, క్యాప్సూల్స్‌ను ఆపేయాల్సి వచ్చింది. హైదరాబాద్ కంపెనీల ఫార్ములేషన్ ఆర్ అండ్ డీ విభాగాల్లో పని ఇలాంటి చిక్కులు విప్పడమే. పేటెంటు తీరిన మాత్రను తయారుచేయాలన్నా, అసలు మందులాగే రక్తంలో చేరుతోందని బయోఈక్వివలెన్స్ పరీక్షలో చూపించాలి.

ఉన్నమాట కూడా చెప్పాలి. అక్కడ దొరికే పని ఎక్కువగా జెనరిక్ మందులదే. నోటి ఇన్సులిన్ లాంటి పరిశోధన కావాలంటే పీహెచ్‌డీ తప్పదు. అంటే పీజీ రెండేళ్లు, ఆపైన ఇంకో నాలుగైదేళ్లు. మొదటి జీతాన్ని సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చుకుంటే మీకే టెన్షన్. అన్నాళ్లు ఇంటి ఖర్చులకు ఆమె సంపాదన అవసరం పడుతుందా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి.

క్లినికల్ సాస్ చెడ్డదేమీ కాదు. కాకపోతే అది కంప్యూటర్ ముందు కూర్చుని మందుల పరీక్షల డేటా చూసే పని. ల్యాబ్ ఇష్టమున్న పిల్లను అందులో కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

ఎంఫార్మసీ ప్రవేశానికి జరిపే జాతీయ పరీక్ష జీప్యాట్‌ను ఫైనలియర్‌లో రాయవచ్చు కాబట్టి ఇప్పటి నుంచే చదవమనండి. అర్హత సాధిస్తే ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) ఆమోదం ఉన్న కాలేజీలో ఎంఫార్మసీకి నెలకు రూ.12,400 స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌లో సీటుకు జీప్యాట్‌తో పాటు నైపర్ జేఈఈ అనే ప్రవేశపరీక్ష కూడా రాయాలి. నేనైతే మొదట నైపర్‌కే ప్రయత్నించమంటాను.

ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టును డిసొల్యూషన్ మీద తీసుకోమనండి. ఒకే మందు నాలుగు కంపెనీల మాత్రలు తెచ్చి, ఏది ఎంతసేపట్లో కరుగుతోందో కొలవాలి. పదే పదే అదే కొలత, అదే గ్రాఫు. ఆ పని విసుగు పుట్టించకపోతే ఫార్మాస్యూటిక్స్‌లో నిశ్చింతగా చేర్చండి. విసుగొస్తే అమీర్‌పేట కోర్సు అప్పుడైనా దొరుకుతుంది.