తమ్ముడు మిషన్ మధ్యలో వచ్చేస్తానంటున్నాడు, అమ్మ వద్దంటోంది

ప్రశ్న: మాది హైదరాబాద్. నాన్న లేరు. అమ్మ, తమ్ముడు మోర్మన్ చర్చి సభ్యులు, నేను ఏ చర్చికీ వెళ్లను. తమ్ముడికి 20 ఏళ్లు. డిగ్రీ రెండో ఏడాది అయ్యాక చదువు ఆపేసి రెండేళ్ల మిషన్‌కి, అంటే చర్చి తరఫున మత ప్రచారానికి, ఇంగ్లండ్ వెళ్లాడు, లీడ్స్ దగ్గర ఉంటున్నాడు. ఆరు నెలలైంది. సోమవారం ఫోన్ చేసినప్పుడు అమ్మతో బాగున్నానంటాడు, నాతో విడిగా మాట్లాడినప్పుడు ఏడుస్తాడు, వచ్చేస్తానంటాడు. అమ్మేమో మధ్యలో వచ్చేస్తే చర్చిలో మొహం ఎలా చూపించాలి, ఓర్చుకోమను అంటుంది. టికెట్ నేనే తీసి పంపేద్దామనుకుంటున్నాను. తప్పా?

జవాబు: తప్పేం కాదు. కానీ ఈ వారం మాత్రం తీయకండి. మీరు రాసిందంతా చదివాక నాకు కనిపించింది ఒకటే, మీ తమ్ముడికి అసలు ఏమైందో మీ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీరు వచ్చెయ్ అంటున్నారు, అమ్మ ఓర్చుకో అంటున్నారు. ఇద్దరి దగ్గరా జవాబు ముందే తయారుగా ఉంది.

ఫారిన్‌లో ఉన్నాడు కదా, దేవుడి పనే కదా అని బయటివాళ్లు అనుకుంటారు గానీ ఆ కుర్రాళ్ల రోజు ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. పొద్దున ఆరున్నరకు లేవాలి. వ్యాయామం, ప్రార్థన, కాసేపు ఒక్కడే, కాసేపు జతగాడితో కలిసి చదువుకోవడం అయ్యాక, పది ప్రాంతంలో తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల నేమ్ బ్యాడ్జితో బయటపడితే మళ్లీ గదికి చేరేది రాత్రి తొమ్మిదికి. పదిన్నరకు లైట్లు ఆపేయాలి. దేశాన్ని బట్టి చిన్న తేడాలు ఉంటాయి గానీ దాదాపు అన్ని చోట్లా ఇదే లెక్క. పగలంతా వీధుల్లో ముక్కూమొహం తెలియని వాళ్లను పలకరించడం, తలుపులు తట్టడం, వింటామన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి పాఠాలు చెప్పడం, ఎవరికైనా సామాను మోయాలన్నా తోట బాగుచేయాలన్నా సాయం పట్టడం. ఎక్కువమంది మర్యాదగా నో థాంక్స్ అని తలుపు వేసేస్తారు. మర్యాదగానే అయినా రోజూ అదే వింటుంటే 20 ఏళ్ల కుర్రాడు తనలోనే ఏదో లోపం ఉందనుకోవడం మొదలుపెడతాడు. దానికి తోడు అక్కడి చలికాలంలో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి. ఆ చలిలో ఏ పెద్దావిడో జాలిపడి లోపలికి పిలిచి టీ పెట్టిస్తే అదీ తాగకూడదు, వాళ్లకు టీ, కాఫీ నిషేధం. ఇంట్లో అలాగే పెరిగాడు కాబట్టి అతనికి అలవాటే అయ్యుంటుంది, నాకైతే తలుచుకుంటేనే నీరసం వచ్చింది.

వీటన్నిటికంటే కష్టం కంపానియన్. ఇద్దరిద్దరిని జతగా వేస్తారు, ఎవరితో వేయాలో వీళ్ల ఇష్టం కాదు, స్నానాల గదిలో తప్ప మిగతా వేళంతా ఒకరికొకరు కనుచూపు మేరలోనే ఉండాలి. కొత్తగా పెళ్లయిన మొగుడూపెళ్లాలు కూడా అంతగా అంటిపెట్టుకుని ఉండరు. ఆ రెండోవాడు కలివిడిగా ఉంటే ఎంత చలైనా గడిచిపోతుంది, ముభావంగా ఉండేవాడో ప్రతిదానికీ తప్పులెంచేవాడో అయితే మాత్రం తెలుగులో ఒక్క మాట మాట్లాడే మనిషి లేనిచోట అది నరకం. మీ తమ్ముడి బాధ ఇదే అని నేననడం లేదు. ఇదీ కావచ్చు, ఇంకోటీ కావచ్చు. అందుకే అడగమంటున్నాను.

సోమవారం వాళ్లకు సెలవులాంటిది. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, జుట్టు కత్తిరించుకోవడం, ఇంటికి ఫోన్ చేయడం అన్నీ ఆ పూటే. 2019 ఫిబ్రవరి దాకా ఈ వారం వారం ఫోన్లు కూడా లేవు, ఏడాదికి రెండుసార్లు, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి మాట్లాడేవాళ్లు, మిగతాదంతా ఉత్తరాలు, ఈమెయిళ్లే. ఇప్పుడు దొరికిన ఆ కాసేపట్లో మీరేం చేస్తున్నారు? నేను ముందే చెప్పా కదా అంటున్నారు. (మీరలా రాయలేదు. అంటూనే ఉంటారని నా అనుమానం.) అతను ఏడుస్తాడు, మీకు కోపం వస్తుంది, ఫోన్ అయిపోతుంది, మళ్లీ సోమవారం దాకా ఆ బరువంతా అతనొక్కడే మోయాలి.

వచ్చే సోమవారం టికెట్ మాట, చర్చి మాట రెండూ ఎత్తకుండా మాట్లాడండి. నిద్ర పడుతోందా, మధ్యరాత్రి మెలకువ వచ్చేస్తోందా, తింటున్నాడా, బరువు తగ్గాడా, రోజులో ఏ వేళ ఎక్కువ కష్టంగా ఉంటోంది, కంపానియన్‌తో ఎలా ఉంది, ఈ వారంలో ఒక్కసారైనా నవ్వాడా. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడకండి, అలా జరగదు. అవునంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు, అమ్మ ఒప్పుకున్నారా లేదా అని చూడొద్దు. అతను అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ నంబరు 111కి ఫోన్ చేసి మానసిక ఆరోగ్యం ఆప్షన్ ఎంచుకోవాలి, ప్రాణం మీదికి వచ్చే పరిస్థితైతే అక్కడి అత్యవసర నంబరు 999. బాధలో ఉన్నవాళ్ల మాట వినే సమారిటన్స్ అనే సంస్థ నంబరు 116 123, ఏ వేళకైనా ఉచితంగా మాట్లాడతారు. మీరు అదే రోజు మిషన్ ప్రెసిడెంట్‌కి, అంటే అక్కడి మిషనరీల బాధ్యత చూసే చర్చి పెద్దకి, ఫోన్ చేయండి. అప్పుడు టికెట్ తీయాలా వద్దా అన్న చర్చే లేదు, తీసేయడమే.

అంత దూరం పోలేదు, ఇంటి మీద బెంగా, చలీ, కంపానియన్‌తో పడకపోవడమూ అయితే దారులున్నాయి. మామూలుగా ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు ఉంటాయి, జతలు, ఊళ్లు మారుతుంటాయి. మిషనరీలు ప్రతివారం మిషన్ ప్రెసిడెంట్‌కి తమ సంగతులు రాస్తారు కూడా. అందులో ఏం రాస్తున్నావు అని అడగండి. అమ్మకు చెప్పినట్టే ఆయనకూ అంతా బాగుంది అని రాస్తుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఆరోగ్యం విషయాలు చాలా చోట్ల ఆయన భార్య చూస్తుంటారు, డాక్టరు దగ్గరికి, కౌన్సెలర్ దగ్గరికి పంపిస్తారు. ఇంకో రెండు ట్రాన్స్‌ఫర్లు చూసి అప్పుడు తేల్చుకుంటావా అని అడిగి చూడండి, బలవంతం చేయకుండా.

మూడోది కూడా ఉంది. తనకు నమ్మకమే పోయిందని చెప్పొచ్చు. అది విని మీరు లోపల ఎగిరి గంతేస్తారు. దయచేసి బయటపడకండి. మీ వైపు వచ్చాడని కాదు, ఇన్నాళ్లూ తను నిలబడ్డ చోటు పోయిందని ఆ కుర్రాడు భయపడుతుంటాడు, అమ్మకు ఎలా చెప్పాలో తెలియక ఆ ఏడుపు మీ దగ్గర ఏడుస్తున్నాడు.

ఇక అమ్మ. ఆవిడతో మతం గురించి వాదించి గెలవలేరు, గెలిచినా ఉపయోగం లేదు. భర్త పోయాక ఆవిడకు ఆ చర్చివాళ్లే చుట్టాలు, పక్కాలు అయ్యుంటారు, వాళ్ల ముందు పలచనైపోతానన్న భయం అబద్ధం కాదు. అందుకే మీరు చెప్పేదానికంటే వాళ్ల పెద్దలు చెప్పేదే ఆవిడకు ఎక్కుతుంది. హైదరాబాద్‌లో ఆ చర్చికి 2012 నుంచి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) ఉంది, దేశంలో అదే మొదటిది. మీ తమ్ముణ్ని మిషన్‌కి ప్రత్యేకించి పంపేదీ, తిరిగొచ్చాక విడుదల చేసేదీ స్టేక్ ప్రెసిడెంటే. అమ్మను తీసుకుని బిషప్ (అమ్మ వెళ్లే స్థానిక సంఘం పెద్ద) దగ్గరికో స్టేక్ ప్రెసిడెంట్ దగ్గరికో వెళ్లండి, మీరు చర్చికి వెళ్లకపోయినా సరే, వెళ్లి పక్కన కూర్చోండి. ఆరోగ్యం బాగోక మధ్యలో వచ్చేవాళ్లను గౌరవంగానే విడుదల చేస్తారు, ఇంటి దగ్గరే ఉండి సేవ చేసే సర్వీస్ మిషన్ కూడా ఉంది. ఈ మాట ఆవిడ వాళ్ల నోటి నుంచే వినాలి. గుసగుసలు ఉండవా అంటే ఉంటాయి. ఎప్పుడు తిరిగి వెళ్తావు బాబూ అని తియ్యగా అడిగేవాళ్లూ ఉంటారు. వాళ్లకు జవాబు చెప్పాల్సింది అమ్మ, అందుకు ఆవిడకు కొంచెం టైమ్ కావాలి.

తమ్ముడు పెద్దవాడు. వెళ్తానన్నది తను, ఉండాలా రావాలా తేల్చుకోవాల్సిందీ తనే. మీరు చేయగలిగింది, రావడానికి డబ్బు గురించి ఆలోచించక్కర్లేదు అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి ఊరుకోవడం. వారం వారం గుర్తు చేస్తే అదీ ఒత్తిడే అవుతుంది. ఈలోగా అతని కాలేజీకి వెళ్లి, చదువు మధ్యలో ఆపినవాళ్లను మూడో ఏడాదిలో ఎప్పటిదాకా చేర్చుకుంటారో, ఏ కాగితాలు కావాలో కనుక్కుని పెట్టండి. ఇప్పుడొచ్చినా రెండేళ్లకొచ్చినా అది పనికొచ్చేదే.