మా అమ్మాయి నన్ను గుర్తుపట్టడం లేదు.. మళ్లీ మామూలు మనిషి అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ చదువుతోంది. నెల కిందట నాలుగు రోజులు తలనొప్పి, కొద్దిగా జ్వరం అంది. తర్వాత నిద్రపోవడం మానేసింది. రూమ్‌మేట్లు తన గురించే గుసగుసలాడుతున్నారని, ఫోన్లోంచి ఎవరో చూస్తున్నారని ఏడ్చేది. పరీక్షల టెన్షన్ అనుకుని హాస్టల్ వాళ్లు ఇంటికి పంపారు. సైకియాట్రిస్టుకు చూపించాం. గాలి సోకిందని మా అత్తయ్య అంటే దర్గాకూ తీసుకెళ్లాం. వారం తిరక్కుండా మాట పడిపోయింది, ఫిట్స్ వచ్చాయి, ఏదో నములుతున్నట్టు నోరు అదేపనిగా కదిలేది. ఇప్పుడు ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉంది. వెన్ను నుంచి నీరు తీసి పరీక్ష చేసి 'ఎన్‌ఎండీఏ ఎన్‌సెఫలైటిస్' అన్నారు. స్టెరాయిడ్లు, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఇవ్వడం అయిపోయి పన్నెండు రోజులైంది. కళ్లు తెరుస్తోంది గానీ నన్ను గుర్తుపట్టడం లేదు. రిటుక్సిమాబ్ ఇద్దామంటున్నారు. అండాశయాలకు స్కానింగ్ కూడా చేశారు, మెదడు జబ్బుకు అదెందుకో అర్థం కాలేదు. హాస్టల్లో వేసి నా బిడ్డను నేనే ఇలా చేశానా? తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు 'అక్కకు పిచ్చి పట్టిందా' అని అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?
- ఓ తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ముందు హాస్టల్ సంగతి. ఈ జబ్బు చదువు ఒత్తిడి వల్ల రాదు, హాస్టల్ తిండి వల్ల రాదు, మీరు దూరంగా ఉండటం వల్ల అసలే రాదు. ఇంట్లో మీ పక్కనే పడుకుని ఉన్నా వచ్చేదే.

ఒంట్లోకి వచ్చిన క్రిములతో పోరాడటానికి మన శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఈ మెదడు వాపు జబ్బులో అవి దారి తప్పి, మెదడు కణాల మీద సందేశాలు అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్లను పట్టుకుంటాయి. ఆలోచన, జ్ఞాపకం, నిద్ర, మాట.. ఇన్నింటికీ ఆ రిసెప్టర్లు కావాలి. అవి ఒక్కొక్కటే మాయమవుతుంటే పిల్ల మొదట అనుమానాలతో ఏడుస్తుంది, తర్వాత మాట పోతుంది, తర్వాత ఫిట్స్, చివరికి ఊపిరి తీసుకోవడం కూడా కష్టమవుతుంది. మీ ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే వరస. ఇందులో మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. ఇంట్లో స్విచ్చులు ఊడదీస్తే లైట్లు వెలగవు, కానీ గోడలో వైరింగ్ కాలిపోలేదు కదా. అలాగే ఇక్కడ చాలావరకు మెదడు కణాలు చచ్చిపోవు. యాంటీబాడీలు తగ్గేకొద్దీ రిసెప్టర్లు మళ్లీ వస్తాయి. నెలలు పడుతుంది, అంతే.

సైకియాట్రిస్టు మీద కోపం పెట్టుకోకండి. ఈ జబ్బున్న వాళ్లలో చాలామంది ముందు వెళ్లేది వాళ్ల దగ్గరికే, ఎందుకంటే మొదట కనిపించేవి మనసు జబ్బు లక్షణాలే. అసలు ఈ జబ్బుకు పేరు పెట్టిందే 2007లో. అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో జోసెప్ డాల్మావ్ బృందం ఈ యాంటీబాడీని గుర్తించింది. నేను ఎంబీబీఎస్ చదివినప్పటి పుస్తకాల్లో ఇది లేనే లేదు. అంతకుముందు ఇలాంటి పిల్లలు ఎందరు గొలుసులతో, వేపమండలతో గడిపారో తలుచుకుంటే బాధేస్తుంది. దర్గాకు తీసుకెళ్లినందుకూ మిమ్మల్ని తప్పుపట్టను. వైద్యం ఆపనంతవరకు తాయెత్తు కట్టినా నాకు అభ్యంతరం లేదు. ఎమ్మారై గదిలోకి వెళ్లేముందు మాత్రం విప్పేయాలి, అంతే.

ఇక అండాశయాల స్కానింగ్. అండాశయాల్లో వచ్చే టెరటోమా అనే ఒక రకం గడ్డలో వెంట్రుకలు, పళ్లు, ఒక్కోసారి మెదడు కణజాలం లాంటిది కూడా పెరుగుతుంది. శరీరం దాన్ని శత్రువనుకుని యాంటీబాడీలు తయారుచేస్తే అవే అసలు మెదడు మీదా పడతాయి. ఈ జబ్బు వచ్చిన 18 ఏళ్లు దాటిన యువతుల్లో దాదాపు సగం మందికి ఈ గడ్డ ఉంటుంది, చిన్న పిల్లల్లో చాలా అరుదు. మీ అమ్మాయి వయసు ఈ రెండింటికీ మధ్యలో ఉంది కాబట్టి వెతకాల్సిందే. గడ్డ దొరికితే తీసేయాలి, అది తీస్తే మందులు కూడా బాగా పనిచేస్తాయి. 'ఆడపిల్ల, ఆపరేషన్ అంటే రేపు పిల్లలు పుట్టరేమో' అని చుట్టాలు అంటారు, అనే ఉంటారు. ఒక అండాశయం తీసేయాల్సి వచ్చినా రెండోది బాగుంటే పిల్లలు పుడతారు. ఇప్పుడు గడ్డ లేదని తేలినా ఆరు నెలలకోసారి కొన్నేళ్లపాటు స్కానింగ్ చేయించండి.

రిటుక్సిమాబ్ అంటే యాంటీబాడీల తయారీకి మూలమైన కణాలను తగ్గించే ఇంజెక్షన్, ఆ విషయంలో మీ డాక్టర్లు సరైన దారిలోనే ఉన్నారు. 2013లో 577 మంది రోగుల వివరాలతో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. స్టెరాయిడ్లు, ఐవీఐజీ లాంటి మొదటి విడత మందులతో నాలుగు వారాల్లోపు మెరుగుపడింది సగం మందికి కాస్త ఎక్కువే. మిగతావాళ్లలో రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్ లాంటి రెండో విడత మందులు తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్ల కన్నా బాగా కోలుకున్నారు. రెండేళ్లు గమనించిన వాళ్లలో 81 శాతం మంది తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు. అందరూ బతికారని చెప్పను, తర్వాత ఎలా ఉన్నారో తెలిసిన 501 మందిలో 30 మంది ఆ రెండేళ్లలో చనిపోయారు. ఐసీయూలో ఉన్న పిల్ల గురించి తల్లికి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. కానీ పన్నెండు రోజులకే గుర్తుపట్టలేదని ఆశ వదులుకోవాల్సిన జబ్బు కాదిది. ఇంజెక్షన్ ఇచ్చేముందు హెపటైటిస్-బి పరీక్ష చేశారా, టీబీ లేదని చూశారా అని అడగండి. ఖరీదైన మందు కాబట్టి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రతో మాట్లాడండి, ఆరోగ్యశ్రీలో కుదరకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీకి (ఖర్చు భరిస్తామని ఆస్పత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం) ప్రయత్నించండి. బిల్లు కట్టేశాక కాదు, ఇప్పుడే.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మీవారిని, మీ అత్తయ్యగారిని కూడా కూర్చోబెట్టి చదివించండి. ఈ జబ్బు తరచుగా వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ముందు బీపీ, గుండె వేగం కుదుటపడతాయి. ఊపిరి సొంతంగా తీసుకుంటుంది. చూపు నిలుస్తుంది, 'చెయ్యి పట్టుకో' అంటే పట్టుకుంటుంది. తర్వాత మాట వస్తుంది. ఆ తర్వాత మళ్లీ ఆ అనుమానాలు, అరుపులు, నిద్రలేని రాత్రులు రావచ్చు. సరిగ్గా అప్పుడే ఇళ్లలో గోల మొదలవుతుంది. 'బాగైందనుకుంటే మళ్లీ పిచ్చి తిరగబెట్టింది' అని ఆస్పత్రి మారుస్తారు, మందులు ఆపేస్తారు. నా దగ్గరికి వచ్చిన కుటుంబాల్లోనూ ఇది చూశాను. చాలాసార్లు అది వెనక్కి వెళ్తూ మధ్యలో తగిలే మజిలీ. అయినా మీరే తేల్చేయకుండా డాక్టరుకు చెప్పండి, జబ్బు నిజంగా తిరగబెట్టిందా అన్నది ఆయన చూస్తారు. నిద్రమాత్రలు, మానసిక జబ్బు మందులు సొంతంగా మాత్రం వేయకండి. కొన్నింటికి ఈ పిల్లల ఒళ్లు కర్రలా బిగుసుకుపోతుంది, జ్వరం పెరుగుతుంది.

కోలుకునే రోజుల్లో విపరీతంగా తినొచ్చు, పొద్దస్తమానం నిద్రపోవచ్చు. చిన్నపిల్లలా మొండికేయొచ్చు, పెద్దవాళ్ల ముందు అనకూడని మాటలు అనొచ్చు. కొట్టకండి, సిగ్గుపడకండి. తనకు జబ్బు చేసిన ఈ వారాలు తర్వాత ఆమెకు దాదాపు గుర్తుండవు, కాబట్టి 'అప్పుడు నన్ను ఎలా కొరికావో తెలుసా' అని గుర్తుచేయాల్సిన పని లేదు. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి అన్నిటికన్నా చివర్లో వస్తాయి. ఈ ఏడాది కాలేజీ మాట మరిచిపోండి. వచ్చే ఏడాదైనా డే స్కాలర్‌గా, సగం పూటతో మొదలుపెట్టడం మేలు. స్టెరాయిడ్లు, ఫిట్స్ మాత్రలు డాక్టర్ చెప్పకుండా ఒక్క రోజు కూడా ఆపొద్దు. ఫిట్స్ మాత్రలు చాలామందికి జీవితాంతం అక్కర్లేదు. డాక్టర్ సరేననే దాకా స్కూటీ తాళాలు, ఈత, వంటగదిలో ఒంటరి పని మాత్రం వద్దు. జబ్బు తిరగబెట్టే అవకాశం మొదటి రెండేళ్లలో నూటికి 12 మందికి ఉంటుంది, అది మొదటిసారి కన్నా తేలిగ్గా ఉండటమే ఎక్కువ. నిద్ర చెడినా, మాట తేడాగా అనిపించినా వారం ఆగకుండా రండి.

ఇతర తల్లిదండ్రులకు ఒక మాట. అప్పటిదాకా బాగున్న పిల్లలు రోజుల్లోనే మనిషి మారిపోయి, దాంతోపాటు జ్వరం, ఫిట్స్, మాట తగ్గడం, నోరు, చేతుల వింత కదలికల్లో ఏ ఒక్కటున్నా న్యూరాలజిస్టుకు చూపించండి. ఎమ్మారై మామూలుగా వచ్చినా ఈ జబ్బు లేదని కాదు, సగం మందికి పైగా అలాగే వస్తుంది. వెన్ను నీటి పరీక్షకు భయపడి సంతకం పెట్టకుండా వెళ్లిపోయేవాళ్లను వారానికొకరినైనా చూస్తాను. దాంతో కాళ్లు పడిపోతాయన్నది వట్టి అపోహ.

తమ్ముడికి నిజమే చెప్పండి. అక్క మెదడుకు వాపు జబ్బు చేసింది, అది అంటుకోదు, అక్కతో పోట్లాడినందుకు రాలేదు, కోలుకోవడానికి చాలా రోజులు పడుతుంది. ఆ మూడో మాట వాడు అడక్కపోయినా చెప్పండి, ఆ వయసు పిల్లలు లోపల అదే అనుకుంటారు. ఐసీయూలోకి ఇప్పుడే తీసుకెళ్లొద్దు, ఆ గొట్టాలు చూస్తే భయపడతాడు. అక్కతో రోజూ ఏం మాట్లాడేవాడో అదే ఫోన్లో రికార్డు చేయమనండి. క్రికెట్ స్కోరైనా సరే. మీరు లోపలికి వెళ్లినప్పుడు ఆమె చెవి దగ్గర వినిపించండి. ఆ తర్వాత ఇంటికెళ్లి పడుకోండి, ఆ రాత్రి కుర్చీలో మీవారు కూర్చుంటారు. మీకే మరీ కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ ఉచిత నంబరు, తెలుగులోనే మాట్లాడతారు.

- న్యూరాలజిస్ట్