కొత్త ఇంజన్లు పెట్టినా మెసర్‌ష్మిట్ 262 నమూనా వేగం ఎందుకు తగ్గించారు?

1944లో యుద్ధంలోకి దిగిన జర్మన్ జెట్ యుద్ధవిమానం మెసర్‌ష్మిట్ 262 గంటకు 870 కి.మీ. పోయేది కదా, దాన్నే పోలి అమెరికాలో కట్టిన ఎగిరే కొత్త నమూనాలకు అంతకన్నా బలమైన ఇంజన్లు పెట్టి 800 దగ్గరే ఎందుకు ఆపేశారని అడిగారు. నేను హకీంపేటలో కిరణ్ జెట్ శిక్షణ విమానాల మీద ఇంజన్ ఫిట్టర్‌గా చేశాను, ఈ నమూనాను వర్జీనియా బీచ్ మ్యూజియంలో దగ్గర నుంచి చూశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ఇంజన్ ఎంత తోసినా విమానం ఒళ్లు తట్టుకోవాలి కదండీ. 870 అనేది సుమారు 6 కి.మీ. ఎత్తులో లెక్క, అక్కడ శబ్దవేగం 1,140 దాకా ఉంటుంది, అంటే మాక్ 0.76 (శబ్దవేగంలో 0.76 వంతు). అదే 870ని 10 కి.మీ. ఎత్తుకు తీసుకెళ్తే చలికి శబ్దవేగం 1,080కి పడిపోయి మాక్ 0.8 దాటేస్తుంది. 0.86 దగ్గర డైవ్‌లో ఈ విమానం అదుపు తప్పుతుందని అప్పటి పరీక్షల్లోనే తేలింది: ముక్కు కిందికి వాలుతుంది, పైలట్ స్టిక్ ఎంత లాగినా లేవదు, వాలేకొద్దీ వేగం ఇంకా పెరుగుతుంది. రెక్కల ఆకారం పాతదే కాబట్టి కొత్త నమూనాకూ ఆ గోడ అక్కడే ఉంది, పైగా ఇప్పుడు తరమడానికి శత్రువు లేడు, అలాంటప్పుడు అంచు దాకా ఎందుకు వెళ్లాలి? ఆ 800 పరిమితి నాకు పూర్తిగా సబబుగా అనిపించింది.

ఇంజన్ విషయంలో మాత్రం హాయి. అసలు విమానంలోని జూమో 004 ఇంజన్ ఆయుష్షు 10 నుంచి 25 గంటలే, నికెల్, క్రోమియం దొరక్క మామూలు ఉక్కుకు అల్యూమినియం పూత పూసి వేడి భాగాలు చేశారు. థ్రాటిల్ (ఇంజన్‌కు ఇంధనం పెంచే, తగ్గించే లివర్) గబుక్కున తోస్తే మంటలు అంటుకునేవి, లేదా ఇంజన్ ఆరిపోయేది. గ్రౌండ్ రన్‌లో థ్రాటిల్ కదుపుతూ టెంపరేచర్ ముల్లు మీంచి కన్ను తీయకుండా కూర్చున్నవాడిని, ఆ టెన్షన్ నాకు తెలుసు. నమూనాల్లో ఉన్నది జనరల్ ఎలక్ట్రిక్ సీజే610, చాలా చిన్నది, పాత ఆకారం పోకుండా జూమోలాంటి తొడుగులో దాన్ని బిగించారు.

మ్యూజియంలో గైడ్ రెక్క ముందంచున వేలాడుతున్న స్లాట్‌ను (ముందుకు జరిగే సన్నటి పలకను) వేలితో నెట్టాడు, లోపలికి జారి, వదలగానే మళ్లీ బయటికి వచ్చేసింది. మోటారు లేదు, గాలి ఒత్తిడే దాన్ని మూస్తుంది. నెమ్మదిగా దిగేటప్పుడు రెక్కను కాపాడేది అదే. దిగడం దగ్గర కూడా జాగ్రత్త కావాలి మరి, 2002 డిసెంబరులో మొదటిసారి ఎగిరిన నమూనాకు నెల తిరగకుండానే ల్యాండింగ్‌లో ఎడమ చక్రం కాలు కుంగిపోయింది.