ఈ వేసవికి జావా సర్టిఫికేషనా, ప్రాజెక్టా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. వేసవి సెలవుల్లో ఓరాకిల్ జావా సర్టిఫికేషన్‌కు కోచింగ్ తీసుకుంటానంటున్నాడు. కోచింగ్, పరీక్ష ఫీజు కలిపి 30 వేల దాకా అవుతుందట. దానివల్ల క్యాంపస్‌లో ఉద్యోగం వస్తుందా? ప్రాజెక్టులు చేసుకోమంటే మేలా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ వేసవికి సర్టిఫికేషన్ వద్దండి. ఆ రెండు నెలలూ ఒకే ఒక్క ప్రాజెక్టు మీద పెట్టమనండి.

క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు ముందు మార్కుల శాతం, బ్యాక్‌లాగులు చూస్తాయి. తర్వాత ఆన్‌లైన్ టెస్టు, అందులో కోడింగ్, ఆపైన ఇంటర్వ్యూ. సర్టిఫికెట్ ఉంది కదా అని వీటిలో ఏదీ సాధారణంగా మాఫీ కాదు. జావాను తయారుచేసిన సన్ కంపెనీ పెట్టిన ఎస్‌సీజేపీ పరీక్ష పేరుతో అమీర్‌పేటలో బ్యాచ్‌లు నిండిన రోజులు మీరు వినే ఉంటారు. సన్ కంపెనీని 2010లో ఓరాకిల్ కొన్నాక ఆ పరీక్షే పేరు మార్చుకుని ఓసీపీ (ఓరాకిల్ సర్టిఫైడ్ ప్రొఫెషనల్) అయింది. ఫ్రెషర్ రెజ్యూమెలో ఇప్పుడది ఒక లైను, అంతే.

పరీక్ష పనికిరానిదని మాత్రం అనను. జావా 21 పరీక్షలో 120 నిమిషాల్లో 50 ప్రశ్నలు, పాస్ కావాలంటే 68 శాతం. అన్నీ సరైన జవాబు గుర్తించే ప్రశ్నలే, కోడ్ రాసే పని లేదు. ఉదాహరణకు రెండు ఇంటీజర్ (పూర్ణాంకం) ఆబ్జెక్టుల్లో 127 పెట్టి == తో పోలిస్తే ట్రూ వస్తుంది, 128 పెడితే ఫాల్స్. ఇక్కడ == చూసేది విలువ ఒకటేనా అని కాదు, ఆబ్జెక్టు ఒకటేనా అని. -128 నుంచి 127 దాకా ఉన్న విలువలకు జావా ఒకసారి చేసిన ఆబ్జెక్టునే మళ్లీ మళ్లీ ఇవ్వడమే కారణం. ఇది చిలిపి ప్రశ్న కాదు. పది మంది కస్టమర్లతో టెస్ట్ చేసినప్పుడు బాగా నడిచిన ప్రోగ్రాం, ఐడీ 127 దాటగానే తప్పులు చూపడానికి ఇదే కారణం కావచ్చు. అయితే పరీక్షలో ఆ నాలుగు లైన్లూ కళ్ల ముందు పెట్టి అడుగుతారు. ఉద్యోగంలో వేల లైన్ల మధ్య అవెక్కడున్నాయో మనమే వెతుక్కోవాలి. ఆ వెతకడం ప్రాజెక్టుతోనే అలవాటవుతుంది.

కాలేజీల దగ్గర రెడీమేడ్‌గా అమ్మే ప్రాజెక్టు గురించి కాదు నేను చెప్పేది. మీకు తెలిసిన మెడికల్ షాపు ఒకటుంటే దాని స్టాకు లెక్క రాయమనండి. జావాలో వెబ్ అప్లికేషన్లు కట్టే స్ప్రింగ్ బూట్, డేటాబేస్‌కు పోస్ట్‌గ్రెస్ చాలు. మందు పేరు, ఎన్ని ఉన్నాయి అని ఒక టేబుల్ చేసి మొదటి రోజే అయిపోయిందంటాడు. షాపులో కూర్చుంటే తెలుస్తుంది: ఒకే మందు రెండు బ్యాచ్‌లలో వస్తుంది, ఎక్స్‌పైరీలు వేరు, ముందు గడువు తీరేదాన్ని ముందు అమ్మాలి. అంటే స్టాకును మందు వారీగా కాదు, బ్యాచ్ వారీగా ఉంచాలి. పైగా డబ్బాల్లో కొని స్ట్రిప్పుల్లో అమ్ముతారు, అడిగితే నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తారు. కనుక లెక్కంతా మాత్రల్లోనే దాచి, స్క్రీన్ మీద స్ట్రిప్పులుగా చూపాలి. రెండు కౌంటర్ల వాళ్లు ఆఖరి స్ట్రిప్పును ఒకేసారి బిల్లు చేస్తే స్టాకు మైనస్‌లోకి పోతుంది. దాన్ని ఆపాలంటే డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్ (కొన్ని మార్పులు అన్నీ జరగడం, లేదా ఏదీ జరగకపోవడం), లాక్ (ఒకరు మారుస్తుంటే ఇంకొకరిని ఆపడం) అర్థం కావాలి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క సమస్య చుట్టూ పదిహేను నిమిషాలు మాట్లాడగలిగితే అవతలివాళ్లకు మనిషి పట్టు తెలిసిపోతుంది.

మొదటి వారం షాపులో చూడటం, టేబుళ్లు గీయడం. తర్వాతి నాలుగు వారాలు కొనుగోలు, అమ్మకం, ఎక్స్‌పైరీ జాబితా. ఆరో వారం జావా కోడ్‌ను పరీక్షించే జేయూనిట్‌తో టెస్టులు, అందులో ఆ రెండు కౌంటర్ల కేసు తప్పకుండా ఉండాలి. మిగిలిన రోజుల్లో దాన్ని తన ల్యాప్‌టాప్ దాటించి ఏదైనా సర్వర్ మీద పెట్టాలి. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు.

కోడ్‌ను, దాని మార్పుల చరిత్రను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్‌లో రోజువారీగా కమిట్ చేయమనండి, అంటే ఆ రోజు మార్పులు నమోదు చేయమనండి. మొత్తం కోడ్ ఆఖరి రోజు ఒకే కమిట్‌లో కనిపిస్తే ఎక్కడినుంచో తెచ్చాడనే అనుకుంటారు. డేటాబేస్ పాస్‌వర్డ్ పొరపాటున అందులోకి వెళ్తే, తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత చరిత్రలో ఉండిపోతుంది. పాస్‌వర్డే మార్చాలి.

సర్టిఫికెట్‌కు విలువ వచ్చే చోట్లూ ఉన్నాయి. లినక్స్ సర్వర్లు చూసుకునే అడ్మిన్ పని వైపు వెళ్లేవాళ్లకు రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, క్లౌడ్‌లో చాలా మెషీన్ల మీద ప్రోగ్రాంలను నడిపించే కుబర్నెటిస్ పనికి సీకేఏ అనే సర్టిఫికెట్లు మంచివి. ఇవి రెండూ ఆప్షన్లు టిక్ పెట్టేవి కావు, మెషీన్ మీద పని చేసి చూపాలి. అమెజాన్ క్లౌడ్ సర్వీసు ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ సంగతి వేరు. సర్వీస్ కంపెనీలు దాని పార్ట్‌నర్ హోదా కోసం సర్టిఫికెట్లున్న ఉద్యోగుల సంఖ్య చూపించాలి. అందుకే లోపలున్నవాళ్లకు చాలా చోట్ల కంపెనీయే ఫీజు కడుతుంది. అది మూడేళ్లే చెల్లుతుంది కాబట్టి ఇప్పుడు రాస్తే ఉద్యోగంలో కుదురుకునేసరికి గడువు దగ్గరపడుతుంది.

ఏ పరీక్షకైనా డంప్స్ (బయటికి వచ్చిన అసలు పరీక్ష ప్రశ్నలు, జవాబులు) మాత్రం కొననివ్వకండి. దొరికితే సర్టిఫికెట్ రద్దవుతుంది, దొరక్కపోతే ఇంటర్వ్యూలో బయటపడుతుంది.

కోచింగ్‌కు అడ్వాన్స్ కట్టేసి ఉంటే జావా క్లాసులకు వెళ్లనివ్వండి, సాయంత్రాలు షాపు ప్రాజెక్టుకు ఉంచుకుంటాడు. పరీక్ష స్లాటు మాత్రం ఇప్పుడు బుక్ చేయించకండి.