పరీక్షలన్నీ నార్మల్ అంటున్నారు, ఒళ్ళంతా నొప్పులు: ఇది నిజంగా ఒత్తిడి వల్లేనా, దీని నుంచి బయటపడ్డవాళ్ళు ఉన్నారా?

నడుము, మెడ, తలనొప్పి, కడుపులో మంట ఒకదాని తరువాత ఒకటిగా మూడేళ్ళుగా వేధిస్తున్నాయనీ, పరీక్షల్లో ఏమీ తేలకపోయేసరికి వైద్యులు ఒత్తిడి అనేశారనీ, అంటే నా నొప్పి అబద్ధమా అనీ మీరు అడిగారు. అబద్ధం కాదు. బయటపడ్డవాళ్ళు ఉన్నారా అన్న ప్రశ్నకు, చాలామటుకు బయటపడ్డవాడిగానే ఈ జవాబు రాస్తున్నాను.

ముందుగా ఒక జాగ్రత్త. నొప్పితో పాటు కాళ్ళలో బలం తగ్గడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం వంటివి ఉంటే నా అనుభవాన్ని పక్కన పెట్టి వెంటనే వైద్యుణ్ణి కలవండి. నేను చెప్పేదంతా, అలాంటివి లేవని వైద్యులు తేల్చిన తరువాతి సంగతి.

నాకు మొదట నడుము పట్టేసింది. నాన్నగారు మంచాన పడి ఆరు నెలలైంది అప్పటికి. నడుము కాస్త నెమ్మదించిందనుకునేలోపు కుడి మణికట్టు మొదలైంది. దానికి పట్టీ కట్టుకుని తిరుగుతుండగా దవడ నొప్పి, దాని వెంటే కణతల్లో పోటు వచ్చాయి. ఒక్కో నొప్పికి ఒక్కో నిపుణుడి దగ్గరకు వెళ్ళాను కాబట్టి, ఇవన్నీ ఒకే మనిషికి, ఒకే రెండేళ్ళలో వచ్చాయన్న విషయం ఏ ఒక్కరికీ కనబడలేదు. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నాకూ కనబడలేదు. దంతవైద్యురాలు మాత్రం నా దవడ పళ్ళు అరిగిపోవడం చూసి, నిద్రలో పళ్ళు బిగిస్తున్నారా అని అడిగారు. పళ్ళ బిగువున భరించడం అని మనం మాటవరసకు అంటాం. నేను అక్షరాలా అదే పని చేస్తున్నానని ఆరోజు తెలిసింది.

ఏమీ లేదు అన్న వైద్యుడి కంటే, ఎంఆర్‌ఐ చూసి డిస్క్ ఉబ్బింది, వంగకండి, బరువులెత్తకండి అన్న వైద్యుడే నాకు ఎక్కువ నష్టం చేశారని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ మాట విన్నాక చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి కూడా వంగడం మానేశాను. నొప్పే లేని మూడు వేలకు పైగా మనుషుల స్కానింగులను పరిశీలించిన ఒక సమీక్ష 2015లో వెలువడింది. నలభయ్యేళ్ళ వారిలో సగం మందికి డిస్క్ ఉబ్బు ఉన్నట్టు అందులో తేలింది. తల నెరిసినట్టే వెన్ను కూడా వయసును చూపిస్తుందన్నమాట. ఆ సంగతి ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే ఏడాది కలిసి వచ్చేది.

నొప్పి అనేది దెబ్బ ఎంత తగిలిందో చెప్పే కొలత కాదు, ప్రమాదం ఉందని మెదడు మోగించే గంట. ఒత్తిడి, భయం, నిద్రలేమి నెలల తరబడి సాగితే నాడీవ్యవస్థ సున్నితమైపోయి, చిన్న కదలికకు కూడా ఆ గంట మోగుతుంది. కండరాలో ఎముకలో దెబ్బతిన్నట్టు ఆధారం లేకుండా వచ్చే ఈ తరహా నొప్పికి అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2017లో నోసిప్లాస్టిక్ అనే ప్రత్యేకమైన పేరు పెట్టింది. నాకు పేరుతో పని లేకపోయినా, పేరు ఉండడం వల్ల నేను నటిస్తున్నానన్న అనుమానం, ఇంట్లోవాళ్ళకు కాదు, నాకే, పోయింది.

మొదట పని చేసింది భయం తగ్గడం. నొప్పి రాగానే, ఇది గంటే, మంట కాదు అనుకుని కొద్దికొద్దిగా వంగడం, నడవడం మొదలుపెట్టాను. ఈ పద్ధతినే శాస్త్రీయంగా పరీక్షించిన అధ్యయనం ఒకటి 2022లో జామా సైకియాట్రీ పత్రికలో అచ్చయింది: దీర్ఘకాల నడుమునొప్పి ఉన్న 151 మందిలో, నాలుగు వారాల ఈ చికిత్స పొందిన వర్గంలో 66 శాతం మందికి నొప్పి పోవడమో, దాదాపు పోవడమో జరిగింది; మామూలు చికిత్స కొనసాగించిన వర్గంలో అది 10 శాతమే. అయితే వారిది నడుమునొప్పి ఒక్కటే కాబట్టి, అన్ని నొప్పులకూ ఈ లెక్కే వర్తిస్తుందని నేను అనను.

ఇక దిగమింగిన కోపం కూడా నొప్పిగా బయటపడుతుందనే సంగతి. దీన్ని నేను చాలాకాలం నమ్మలేదు, ఎందుకంటే నాకు కోపమే రాదని ఇంటిల్లిపాదీ అనేవారు, నేనూ అదే గర్వంగా చెప్పుకునేవాణ్ణి. నొప్పి పెరిగిన వేళనూ, అంతకు ముందు గంటలో జరిగినదాన్నీ మూడు వారాల పాటు ఒక నోటుపుస్తకంలో రాశాను. ఒకరోజు సాయంత్రం ఫోను మోగింది, తెర మీద అన్నయ్య పేరు. ఎత్తకముందే నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, భుజాలు చెవుల దాకా లేచాయి, కుడి చేయి పిడికిలి బిగిసింది. అదే మణికట్టు. ‘‘నాన్నకెలా ఉంది, నువ్వున్నావు కదా, నాకేం బెంగ లేదు’’ అన్నాడు అన్నయ్య. ‘‘నువ్వేం దిగులుపడకు అన్నయ్యా’’ అన్నాను నేను. పుస్తకం వెనక్కి తిప్పి చూస్తే ఆ ఫోను వచ్చిన ప్రతి రాత్రీ నొప్పి ఎక్కువగా ఉంది.

ఆ తరువాత రోజూ పావుగంట, ఎవరికీ చూపించని కాగితం మీద, అన్నయ్యతో అనలేని మాటలన్నీ రాసి చించేసేవాణ్ణి. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త 1980లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పరిశోధనల్లో దీని ప్రభావం ఓ మోస్తరుగానే తేలింది, మందులా వెంటనే పని చేస్తుందని ఆశపడకండి. మొదటి వారం నాకు నొప్పి పెరిగింది కూడా. కొందరికి పాత గాయాలు రేగి తట్టుకోలేనంత అవుతుంది, అలాంటప్పుడు మనస్తత్వ నిపుణుల తోడు లేకుండా రాయకపోవడమే మంచిది. నేను కూడా రెండో నెలలో ఒకరి సాయం తీసుకున్నాను. వాడుతున్న మందులను మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ఆపలేదు.

దవడ నెలన్నరలో వదిలింది, నడుముకు ఎనిమిది నెలలు పట్టింది. మణికట్టు అన్నిటికంటే మొండిది. నెలలో నాలుగు రోజులు నాన్నను తన దగ్గర ఉంచుకోమని అన్నయ్యను అడిగిన తరువాతే తగ్గింది. అడిగిన రోజు నా గొంతు వణికింది, అన్నయ్య నొచ్చుకున్నాడు, రెండు వారాలు ఫోను చేయలేదు. ఆ రెండు వారాలూ మణికట్టు విపరీతంగా నొప్పెట్టింది, తరువాత క్రమంగా సర్దుకుంది. ఇప్పటికీ ఏడాదికి రెండు మూడుసార్లు తిరగబెడుతుంది. పట్టీ కోసం వెతకడం మానేసి, నోటుపుస్తకం తీస్తాను.