ఏళ్ల తరబడి దాచుకున్న యానిమే బొమ్మలను ఏ గ్యాలరీ సైట్‌లో పెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: కొన్నేళ్లుగా యానిమే బొమ్మలు సేవ్ చేసుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఫోల్డర్‌లో వేలల్లో ఉన్నాయి. ఎక్కువ భాగం ఫ్యాన్‌ఆర్ట్ (అభిమానులు తమకిష్టమైన పాత్రలతో గీసినవి), కొన్ని ఆర్ట్‌బుక్ స్కాన్లు. నలుగురికీ చూపించాలని ఉంది. ఏ సైట్ మంచిది, ఎలా పెట్టాలి, కాపీరైట్ గొడవ వస్తుందా?

సైట్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు మీ ఫోల్డర్ తెరిచి, ఎన్ని బొమ్మలకు గీసినవాళ్ల పేరు చెప్పగలరో చూసుకోండి. నేను చాలాకాలంగా ఒక ట్యాగ్ గ్యాలరీలో (ట్యాగ్‌లతో బొమ్మలు వెతుక్కునే సైట్‌లో) బొమ్మలు చేరుస్తున్నాను, వేరేవాళ్లు పెట్టినవాటికి అసలు సోర్స్, అంటే గీసినవాళ్లు మొదట పెట్టిన పేజీ, వెతికి జతచేస్తున్నాను. ఆ పనిలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, పేరూ అసలు లింకూ ఉన్న రెండొందల బొమ్మల కలెక్షన్ ముందు, అవి లేని పదివేల బొమ్మల కలెక్షన్ దేనికీ పనికిరాదు. పేరు ఊడిపోయిన బొమ్మ అట్ట చిరిగిన పుస్తకంలా చేతులు మారుతూనే ఉంటుంది, రాసినవాళ్లకు మాత్రం ఏమీ చేరదు.

గ్యాలరీ సైట్లు స్థూలంగా రెండు రకాలు. మొదటివి గీసేవాళ్ల సైట్లు: 2007లో జపాన్‌లో మొదలైన పిక్సివ్, 2000 నుంచి ఉన్న డీవియంట్‌ఆర్ట్ లాంటివి. అక్కడ ఎవరు గీసింది వాళ్లే పెట్టాలి. "నేను గీయలేదు, క్రెడిట్ ఆర్టిస్ట్‌కే" అని కింద రాసినా నిబంధన ఒప్పుకోదు. అలాగని కలెక్షన్ పంచుకోవడానికి అవి పనికిరావనుకోకండి. పిక్సివ్‌లో బుక్‌మార్క్‌లను పబ్లిక్‌గా ఉంచుకోవచ్చు, మీ సొంత ట్యాగ్‌లతో విడదీసుకోవచ్చు. డీవియంట్‌ఆర్ట్‌లో ఫేవరెట్స్‌ను విడివిడి కలెక్షన్లుగా పేర్చుకోవచ్చు. మీరు ఫైల్‌ను మళ్లీ ఎక్కించరు కాబట్టి చూసేవాళ్లు నేరుగా ఆర్టిస్ట్ పేజీకే వెళ్తారు, లైకులూ ఫాలోయర్లూ వాళ్లకే పోతారు. కాపీరైట్ టెన్షన్ కూడా ఉండదు. ఆర్టిస్ట్ బొమ్మ తీసేస్తే మీ జాబితాలోంచి కూడా పోతుంది, నిజమే. కానీ తీసేసుకునే హక్కు వాళ్లది. మీలాంటి కలెక్షన్‌కు నేను మొదట చెప్పేది ఈ దారే.

రెండో రకం బూరు సైట్లు. 2005లో మొదలైన డాన్‌బూరు వీటికి నమూనా. జెల్‌బూరు, సేఫ్‌బూరు ఆ పద్ధతివే, జీరోచాన్ కూడా ట్యాగ్‌ల మీదే నడుస్తుంది. ఇక్కడ వేరేవాళ్లు గీసిన బొమ్మలను సోర్స్ లింక్‌తో సహా ఎక్కిస్తారు. డాన్‌బూరులో కొత్తవాళ్లు పెట్టిన బొమ్మ ముందు పరిశీలనలోకి వెళ్తుంది, మూడు రోజుల్లో ఎవరూ ఆమోదించకపోతే తొలగిపోతుంది. తన బొమ్మలు వద్దని ఆర్టిస్ట్ అడిగితే తీసేస్తారు, ఆ తర్వాత ఆ ఆర్టిస్ట్‌వి ఎవరూ పెట్టకుండా చూస్తారు. అనుమతి ముందే అడగకుండా పెట్టే ఈ అలవాటు చాలామంది జపాన్ ఆర్టిస్టులకు అస్సలు నచ్చదు. వాళ్ల బాధ నాకు న్యాయంగానే అనిపిస్తుంది. అందుకే అనుమతి ఉందని తెలిసినవాటినే నేను ఎక్కిస్తాను. మిగతా సమయమంతా అప్పటికే ఉన్న బొమ్మలకు సోర్స్ సరిచేయడానికే పెడతాను.

ఇక సోర్స్ వెతకడం. మీ టైమంతా పోయేది ఇక్కడే, కలెక్షన్‌కు విలువ వచ్చేదీ ఇక్కడే.

మొదట ఫైల్ పేర్లు చూడండి. చాలామంది వీటిని పట్టించుకోరు. పిక్సివ్‌లోంచి నేరుగా సేవ్ చేసిన ఫైల్ పేరులో ముందు ఒక పెద్ద సంఖ్య, తర్వాత అండర్‌స్కోర్, తర్వాత "పి" అక్షరం, దాని పక్కన పేజీ నంబరు ఉంటాయి. ఆ పెద్ద సంఖ్యే ఆ బొమ్మ ఐడీ. పిక్సివ్‌లో ఏదో ఒక బొమ్మ పేజీ తెరిచి, అడ్రస్ చివరి సంఖ్య స్థానంలో దీన్ని పెడితే అసలు పేజీకి చేరిపోతారు. ఏళ్ల క్రితం సేవ్ చేసినవైనా ఫైల్ పేరు మార్చకుండా ఉంటే చాలు. ట్విట్టర్ నుంచి సేవ్ చేసిన ఫైళ్లతో ఈ పని జరగదు. ఆ పేర్లలోని అక్షరాల వరసకూ పోస్ట్ నంబరుకూ సంబంధం లేదు.

ఫైల్ పేరుతో తేలకపోతే బొమ్మతోనే వెతకాలి. సాస్‌నావో అనే సైట్‌లో బొమ్మను వేస్తే పిక్సివ్, డాన్‌బూరు లాంటి చోట్ల పోలికలు చూపించి, పక్కన ఎంత శాతం కలిసిందో ఇస్తుంది. శాతం తక్కువగా ఉన్న ఫలితాన్ని కళ్లతో పోల్చి చూసుకోకుండా నమ్మకండి. ఒకే పాత్ర, ఒకే భంగిమ అయితే చాలు, వేరే బొమ్మను తెచ్చి చూపిస్తుంది. అక్కడ దొరక్కపోతే యాస్కీటూడీ అనే జపాన్ సైట్ ఉంది. అందులో రంగులను బట్టి ఒక వెతుకులాట, ఆకారాల వివరాలను బట్టి ఇంకొకటి ఉంటాయి. అంచులు కత్తిరించిన బొమ్మలకు రెండోదే పనికొస్తుంది. మీ దగ్గరున్నది ఎవరూ విడిగా గీసింది కాకుండా ఎపిసోడ్‌లోని ఫ్రేమ్ అయితే, ట్రేస్ మో అనే సైట్ అది ఏ సిరీస్‌లో ఏ ఎపిసోడ్‌లో ఏ నిమిషం దగ్గరిదో చెప్తుంది.

దొరికిన మొదటి పేజీ దగ్గర ఆగిపోకండి. వాల్‌పేపర్ సైట్లు, బొమ్మలు పిన్ చేసుకునే సైట్లు సోర్స్ కావు. పిక్సివ్‌లో కూడా వేరేవాళ్ల బొమ్మను తమదిగా పెట్టుకునేవాళ్లు ఉంటారు. పోస్ట్ చేసిన తేదీ చూడండి, ఆ అకౌంట్‌లో మిగతా బొమ్మల గీత ఇలాగే ఉందా చూడండి, దొరికినవాటిలో అన్నిటికంటే పెద్ద సైజు ఎక్కడుందో చూడండి. తేదీ పాతదై, సైజు పెద్దదై, గీత కలిస్తే దాదాపు అదే అసలు చోటు. సంతకం ఎప్పుడూ మూలలోనే ఉండదు, బట్టల మడతల్లోనో గోడ మీది రాతల్లోనో కలిపేసేవాళ్లూ ఉంటారు, జూమ్ చేసి వెతకండి.

ఇంత పట్టుదల దేనికంటారేమో. వర్షంలో గొడుగు పట్టుకుని ఒంటరిగా నిలబడ్డ అమ్మాయి బొమ్మ ఒకటి ఎన్నో చోట్ల తిరుగుతుండేది, ఒంటరితనం గురించిన కొటేషన్లకు వాడేవాళ్లు. దాని సోర్స్ కోసం చాలా వెతికాక ఆర్టిస్ట్ పేజీలో పూర్తి బొమ్మ కనిపించింది. కుడివైపు అంచున ఇంకొక పాత్ర ఉంది. ఆ అమ్మాయి గొడుగు పట్టింది ఆమె కోసమే. సంతకం కూడా ఆ వైపే ఉండటంతో ఎవరో ఆ ముక్క కత్తిరించేశారు. గీసినామె చెప్పదలుచుకున్నదేమో ఇద్దరి కథ, జనానికి చేరిందేమో ఒంటరి అమ్మాయి. అప్పటినుంచి పూర్తి బొమ్మ దొరికేదాకా వదలబుద్ధి కాదు నాకు.

అనుమతి దగ్గరికి వద్దాం. జపాన్‌లో కాపీరైట్ గడువు 2018 డిసెంబరు 30 నుంచి రచయిత మరణం తర్వాత 70 ఏళ్లు. కాబట్టి మీ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఇంకా ఎవరో ఒకరి హక్కులో ఉన్నట్టే లెక్క. ఫ్యాన్‌ఆర్ట్‌లో హక్కు రెండు పొరలుగా ఉంటుంది. పాత్ర కంపెనీది, ఆ గీత ఆర్టిస్ట్‌ది. కంపెనీలు సాధారణంగా ఫ్యాన్‌ఆర్ట్‌ను చూసీచూడనట్టు వదిలేస్తాయి. అలా వదిలేశారు కదా అని ఆర్టిస్ట్ బొమ్మను తీసుకోవడానికి మనకు హక్కు రాదు. డబ్బు తీసుకోవట్లేదు అన్నంత మాత్రాన సరిపోదు కూడా. పైగా జపాన్ కాపీరైట్ చట్టం 19, 20 సెక్షన్లు రచయిత పేరు చూపించుకునే హక్కునూ, తన పనిని ఇష్టం లేకుండా మార్చకుండా ఆపే హక్కునూ ఇస్తాయి. కత్తిరించడం, సంతకం చెరిపేయడం, మన గ్యాలరీ వాటర్‌మార్క్ వేయడం ఈ హక్కుల మీదికే వెళ్తాయి.

ఆర్టిస్ట్ ప్రొఫైల్‌ను ట్రాన్స్‌లేటర్ పెట్టుకుని చదవండి. మళ్లీ పెట్టొద్దు అనో, లింక్ ఇస్తే పెట్టుకోవచ్చు అనో చాలామంది ముందే రాసి ఉంచుతారు. ఏమీ రాయకపోతే అడగండి. నేను రాసే మెసేజ్ నాలుగు వాక్యాలే: ఏ బొమ్మ, ఎక్కడ పెడతాను, మీ పేరూ లింకూ ఎలా కనిపిస్తాయి, ఎప్పుడు వద్దన్నా తీసేస్తాను. కొందరు సంతోషంగా ఒప్పుకున్నారు. ఒకావిడ తన కొత్త పేజీ లింక్ ఇచ్చి, పాతదాని బదులు అది పెట్టమన్నారు. కొందరు మర్యాదగా వద్దన్నారు. చాలామంది జవాబే ఇవ్వలేదు. జవాబు రాకపోతే వద్దన్నట్టే తీసుకుని బుక్‌మార్క్‌తో ఆగిపోతాను.

ఫ్యాన్‌బాక్స్, పాట్రియాన్ లాంటి చోట్ల డబ్బు కట్టినవాళ్లకే ఇచ్చే బొమ్మలు ఎక్కడా పెట్టొద్దు. వాళ్ల తిండి అదే. ఆర్ట్‌బుక్ స్కాన్లూ అంతే. పుస్తకం ఇంకా అమ్మకంలో ఉంటే పేజీలన్నీ స్కాన్ చేసి పెట్టడం నేను సమర్థించను. దాని బదులు పుస్తకం పేరు, ప్రచురణకర్త, ఐఎస్‌బీఎన్, అందులో ఎవరెవరి బొమ్మలు ఉన్నాయో రాసి పెట్టండి. కొనాలనుకునేవాళ్లకు నిజంగా ఉపయోగపడుతుంది, అలాంటి సమాచారం నెట్‌లో చాలా తక్కువ.

పెద్దలకు మాత్రమే అనిపించే బొమ్మలుంటే వాటిని ఈ కలెక్షన్‌లోకి తేకండి. ఏది చట్టవిరుద్ధం అన్నది దేశాన్నిబట్టి మారుతుంది, సర్వర్ ఉన్న చోటు చట్టం కూడా మీకు వర్తించొచ్చు. ఏఐతో తయారైనవి కూడా విడిగా తీసేయండి. పిక్సివ్ 2022 అక్టోబరు నుంచే అలాంటివాటికి గుర్తు పెట్టమంటోంది, డాన్‌బూరు అసలు తీసుకోదు.

ఫైల్ విషయంలో ఒక్క నియమం చాలు: అసలు ఫైలే పెట్టాలి. పేరు చివర "మాస్టర్ 1200" అని ఉంటే అది పిక్సివ్ చూపించడానికి కుదించిన కాపీ, పొడవైన వైపు 1200 పిక్సెళ్లకు మించదు. వెడల్పు సరిగ్గా 850 పిక్సెళ్లు ఉంటే అది బూరు సైట్ చూపించడానికి కుదించిన శాంపిల్ అయి ఉండొచ్చు. పిక్సివ్ కాపీ అయితే పేరులోనే ఐడీ ఉంది కాబట్టి వెళ్లి అసలుది తెచ్చుకోండి. చిన్న ఫైల్‌ను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి పెద్దది చేసి పెట్టొద్దు. లేని గీతలు పుట్టుకొస్తాయి, తర్వాత వెతికేవాళ్లు పెద్ద సైజు చూసి అదే అసలుదని పొరబడతారు.

ట్యాగ్‌లకు డాన్‌బూరు పద్ధతి నేర్చుకోండి, మీ సొంత కలెక్షన్‌కైనా సరే. ఆర్టిస్ట్, సిరీస్, పాత్ర, బొమ్మలో కనిపించేవి, ఫైల్ గురించిన వివరాలు అని అయిదు తరగతులు. కనిపించేదే ట్యాగ్ చేయాలి. ఆ పాత్ర కత్తి వాడుతుందని మీకు తెలిసినా, బొమ్మలో కత్తి లేకపోతే రాయొద్దు. పాత్ర ఎవరో కచ్చితంగా తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. తప్పు ట్యాగ్ ఒక్కటి పడిందంటే ఇతర సైట్లు దాన్నే కాపీ చేసుకుంటాయి, ఆ తర్వాత సరిదిద్దడం ఎవరివల్లా కాదు.

ఈ ట్యాగ్‌లు, లింకులు సైట్‌లో మాత్రమే ఉంచుకోవద్దు. నేను పనిచేసిన ఒక చిన్న గ్యాలరీ ఏ కబురూ లేకుండా మూతపడింది. బొమ్మలు మళ్లీ దొరికాయి గానీ, ఎంతోమంది కలిసి రాసిన సోర్స్ వివరాలు మొత్తం పోయాయి. పెద్ద సైట్లు కూడా నియమాలు మార్చుకుంటాయి: టంబ్లర్ 2018 డిసెంబరులో పెద్దల బొమ్మలను నిషేధించింది, ఇమ్‌గర్ 2023 మేలో అకౌంట్ లేకుండా పెట్టిన పాత బొమ్మలను తీసేయడం మొదలుపెట్టింది. హైడ్రస్ నెట్‌వర్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌లోనే బూరు సైట్ పద్ధతిలో ట్యాగ్‌లూ లింకులూ దాచిపెడుతుంది. అంత వద్దనుకుంటే ఒక స్ప్రెడ్‌షీట్ చాలు: ఫైల్ పేరు, ఆర్టిస్ట్, అసలు లింక్, అనుమతి ఉందా లేదా.

మీరైతే ఈ వరసలో మొదలుపెట్టండి. పిక్సివ్ నంబర్లున్న ఫైళ్లను పక్కకు తీసి, అవన్నీ పిక్సివ్‌లోనే బుక్‌మార్క్ చేసి, ట్యాగ్‌లు పెట్టి పబ్లిక్ చేయండి. మీ గ్యాలరీ అప్పుడే సిద్ధమైనట్టు, ఆ లింక్ స్నేహితులకు ఇచ్చేయొచ్చు. తర్వాత మిగిలినవాటిని రోజుకు కొన్ని చొప్పున సాస్‌నావోలో వేస్తూ వెళ్లండి. ఉచితంగా ఎన్ని వెతకొచ్చు అన్నదానికి అక్కడ పరిమితి ఉంది, అందుకే ఒక్కసారే కూర్చోవద్దంటున్నా. సోర్స్ దొరకనివి మీ కంప్యూటర్‌లోనే ఉండనివ్వండి. మరీ ఇష్టమైన బొమ్మ ఏదైనా ఎక్కడా చిక్కకపోతే, అది ఏ సిరీస్ పాత్రో, సంతకంలో ఏ అక్షరాలు కనిపిస్తున్నాయో, సుమారుగా ఏ ఏడాది సేవ్ చేశారో కింద రాయండి. నేనూ వెతుకుతాను.