లైట్‌హౌస్ డ్యూటీకి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

అంతర్వేది లైట్‌హౌస్‌లో పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. పక్కనే నరసింహస్వామి ఉన్నాడని దాని ధైర్యం. "దీపం దానంతటదే వెలుగుతుంది, నాకేం పని?" అన్నావట. ఆ మాటకే ఈ ఉత్తరం.

నేను లైట్‌హౌస్ సర్వీసులో చేరిన కొత్తల్లో ఓ రాత్రి పదింటికే లాగ్‌బుక్‌లో పన్నెండు, మూడు గంటల ఎంట్రీలు కూడా రాసేసి పడుకున్నాను. తెల్లారి చేపల వేటకెళ్లే ఓ పడవవాడు వచ్చి, "రాత్రి మీ దీపం తిరగలేదేంటండీ?" అన్నాడు. దీపం చుట్టూ తిరిగే లెన్సు ఆగినా దీపం ఆరదు, చిక్కంతా అక్కడే. ఒక పక్కవాళ్లకి మెరవకుండా ఒకటే వెలుగు, ఇంకో పక్కవాళ్లకి చీకటి. ఎన్ని సెకన్లకి ఎన్ని మెరుపులన్నదాన్ని బట్టే ఏ లైట్‌హౌస్ ఏదో పోల్చుకుంటారు కదా. అది మనదేనో కాదోనని అతను రాత్రంతా లంగరేసుకుని బయటే ఉండిపోయాడు. గోదావరి సముద్రంలో కలిసే మొగల సంగతి నీకు తెలుసు. వరద వచ్చి పోయిందంటే ఇసుక మేటలు చోటు మారతాయి, నిరుడు పడవ నడిచిన చోట ఈ ఏడు నేల తగులుతుంది. వాళ్లకి కదలని గుర్తు మన స్తంభం ఒక్కటే.

అందుకని ప్యానెల్ మీద పచ్చలైటు చూసి సంతకం పెట్టకు. బయటికొచ్చి, వాచీ చూసుకుంటూ మెరుపులు లెక్కపెట్టు. లైట్‌హౌస్‌ల లిస్టులో మనదానికి ఉన్న సెకన్లతో సరిపోయాకే రాయి.

పాత గాజు లెన్సు ఉంటే పొద్దున్నే చుట్టూ తెరలు వెయ్యి. వెయ్యకపోతే ఎండ లోపలికొచ్చి ఒకేచోట పడి వైర్లు కాల్చేస్తుంది. అద్దాల మీది ఉప్పుని పొడిగుడ్డతో రుద్దకు, గీతలు పడతాయి. ముందు మంచినీళ్లతో కడుగు. వానాకాలం ఉసుళ్ల సంగతి చెప్పక్కర్లేదు, చీపురు పైనే పెట్టుకో.

భీష్మ ఏకాదశి రథానికి జనం విరగబడతారు. మెట్లెక్కనిచ్చినా దీపం గదిలోకి మాత్రం రానివ్వకు. ప్రతివాడూ లెన్సుని వేలితో తాకి చూస్తాడు, ఆ జిడ్డు తుడవాల్సింది నువ్వే.

1996 నవంబరు 6 తుపాను గురించి మీ అమ్మ చెప్పే ఉంటుంది. హెచ్చరిక రాగానే డీజిల్, బ్యాటరీలు చూసుకో. కోస్ట్ గార్డ్ నంబరు 1554 గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టు. ఫోన్లో ఉందిలే అనుకుంటే ఆ టెన్షన్‌లో దొరకదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు పల్లిపాలెం వెళ్లి పడవలవాళ్లతో కాసేపు కూర్చో. నీ దీపం ఎలా కనిపిస్తోందో నీకంటే వాళ్లకే బాగా తెలుసు.

సంక్రాంతికొస్తే నా పాత వాచీ పట్టుకెళ్లు. పట్టీ తెగింది గానీ సెకన్ల ముల్లు బాగానే తిరుగుతోంది.

మీ మామయ్య